గోడలో ఉన్న పాత క్యాట్ 5ఇ వైర్లు 2.5 గిగాబిట్‌కి పనికొస్తాయా? టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, లింక్ మాత్రం నిలబడట్లేదు

ఎడిటింగ్‌గది:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. వివరాలన్నీ ముందే చెప్పేస్తే మీరు మళ్లీ మళ్లీ అడగాల్సిన పని ఉండదని.

మాది రెండంతస్తుల ఇల్లు. మేము కొనేటప్పటికే గోడల్లో నెట్‌వర్క్ వైర్లు వేసి ఉన్నాయి. మెట్ల కింద ఒక అల్మారా ఉంది, ఆరు వైర్లూ అందులోకే వచ్చి చేరతాయి. అక్కణ్ణుంచి గదికొకటి. తొడుగు మీద క్యాట్ 5ఇ (వైరు రకం), 24 ఏడబ్ల్యూజీ (తీగ మందం) అని అచ్చు కనిపిస్తోంది. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో తెలీదు. ఇన్నాళ్లూ గిగాబిట్ స్విచ్‌తో నడుస్తుంటే వాటి జోలికి పోలేదు.

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఫుటేజ్ అంతా కింద అల్మారాలో స్టోరేజ్ బాక్స్‌లో ఉంటుంది, పని చేసేది పైగదిలో. ఒక్కో ప్రాజెక్టు దాదాపు 180 గిగాబైట్లు. గిగాబిట్ మీద అది పైకి రావడానికి 27 నిమిషాలు పడుతోంది. రోజుకి రెండు మూడుసార్లు ఇదే తంతు. 2.5 గిగాబిట్ అయితే 11 నిమిషాల్లో తేలిపోతుందని లెక్క వేసుకుని, 2.5 గిగాబిట్ స్విచ్ ఒకటి, కంప్యూటర్‌కి కార్డు ఒకటి తెచ్చి బిగించాను.

వైర్లకి 1 నుంచి 6 దాకా నంబర్లు పెట్టుకున్నాను. 1, 2, 5 పెట్టగానే 2.5కి వచ్చేశాయి. 3వది నా ఎడిటింగ్ గదిది, నాకు కావాల్సింది అదే. దానికి 2.5 లైటు వస్తుంది, పెద్ద ఫైలు కాపీ మొదలుపెట్టిన కాసేపటికి లింక్ తెగిపోయి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి 1 గిగాబిట్‌గా వస్తుంది. 4వది 100 మెగాబిట్ దాటదు. పాత స్విచ్‌తో కూడా అంతే ఉండేదని ఇప్పుడే గమనించాను. దానికి టీవీ ఒక్కటే ఉండటంతో తెలియలేదు. 6వ వైరుకి గోడ సాకెట్ లేదు, రెండు చివర్లా నేరుగా ప్లగ్ కొట్టేశారు. అది గిగాబిట్‌కి వస్తుంది కానీ 2.5 ఎంతకీ పట్టదు.

లైట్లు వెలిగే చిన్న టెస్టర్ ఉంటే పెట్టి చూశాను. 4కి నాలుగే వెలిగాయి: 1, 2, 3, 6. మిగతా ఐదు వైర్లకీ ఎనిమిదీ వరుసలో వెలిగాయి. అంటే 3, 6 బాగున్నట్టే కదా? మరి ఎందుకు ఇలా?

గోడలకి రంగులు వేయించి ఎక్కువ రోజులు కాలేదు. వైర్లన్నీ పీకి క్యాట్ 6ఏ లాగించాలా, వీటినే దారిలో పెట్టుకోవచ్చా? ఏ వైరు నిజంగా బాగుందో, ఏది బాగున్నట్టు కనిపిస్తోందో తేల్చుకునేది ఎలా?

తిన్నగాచెప్తా:

పాత వైర్లతో కుస్తీ ఎందుకండీ. ఎలాగూ పని పెట్టుకుంటున్నారు కాబట్టి క్యాట్ 8 వేయించేయండి, ఇరవై ఏళ్లు మళ్లీ చూడక్కర్లేదు.

పంచ్‌డౌన్:

వైరు పీకే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. నేను పదిహేడేళ్లుగా భవనాల్లో కేబులింగ్ చేస్తున్నాను. "వైరు పాడైపోయింది" అని పిలిస్తే వెళ్లినచోట్ల ఎక్కువసార్లు వైరు బాగానే ఉండేది, దాని రెండు చివర్లలో ఒకటి పాడు చేసి ఉండేవారు. మీ లక్షణాలు చదువుతుంటే నాకు అవే ఇళ్లు కళ్ల ముందు కనిపిస్తున్నాయి.

ముందు మీ వైరుకి ఎంత సత్తా ఉందో చెప్తాను. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం పుట్టిందే మీలాంటి వాళ్ల కోసం: అప్పటికే భవనాల్లో ఉన్న క్యాట్ 5ఇ, క్యాట్ 6 వైర్లని పీకకుండా గిగాబిట్ కంటే పైకి వెళ్లాలని. క్యాట్ 5ఇ వైరుని పరీక్షించేది 100 మెగాహెర్ట్జ్ దాకా. 2.5 గిగాబిట్‌కి కావాల్సింది కూడా సరిగ్గా ఆ 100 మెగాహెర్ట్జే. అందుకే నికార్సైన క్యాట్ 5ఇ మీద 100 మీటర్ల దాకా 2.5 నడుస్తుంది. 5 గిగాబిట్‌కి 200, 10 గిగాబిట్‌కి 400 మెగాహెర్ట్జ్ కావాలి, అది వేరే కథ. ఇంట్లో మీ వైరు ఏదీ 30 మీటర్లు దాటదు. అంటే మీకు చేతిలో బోలెడంత వెసులుబాటు ఉంది. అంత వెసులుబాటు ఉండి కూడా 3, 6 నిలబడట్లేదంటే లోపం చిన్నది కాదు, వెతికితే కంటికి కనపడేంత పెద్దది.

4వ వైరు తేలిక. వైరులో ఎనిమిది తీగలు రెండేసి మెలి తిరిగి నాలుగు జతలుగా ఉంటాయి. 100 మెగాబిట్‌కి వాటిలో రెండు జతలే చాలు, అవి 1-2, 3-6 పిన్నుల మీద ఉంటాయి. గిగాబిట్ 1999లో వచ్చినప్పటి నుంచి నాలుగు జతలూ ఒకేసారి రెండు వైపులా మాట్లాడతాయి. మీ టెస్టర్‌లో వెలిగినవి సరిగ్గా ఆ 1, 2, 3, 6. అంటే బ్లూ జత, బ్రౌన్ జత ఎక్కడో ఆగిపోయాయి. ఒకే వైరుని చీల్చి రెండు సాకెట్లకి పంచడం, లేదా మిగిలిన జతలతో ఫోన్ లైను లాగడం ఒకప్పుడు బాగా నడిచిన అలవాటు. ఆ గదిలో పాత ఫోన్ సాకెట్ ఉందేమో చూడండి.

6 గురించి నా అనుమానం గట్టిది. రెండు చివర్లా ప్లగ్ కొట్టారన్నారు కదా, ఆ ప్లగ్ లోపలి రంగుల వరుస చదివి ఇక్కడ రాయండి. నేను ఊహిస్తున్నది ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, గ్రీన్, తెలుపు-బ్లూ, బ్లూ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. చూడ్డానికి ఎంతో పొందిగ్గా ఉంటుంది. రెండు చివర్లా అలాగే కొడితే మీ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసలో వెలుగుతాయి, ఎందుకంటే ఆ టెస్టర్‌కి తెలిసింది ఒక్కటే: ఈ పిన్నులో పంపిన కరెంటు ఆ పిన్నులో వచ్చిందా లేదా. ఏ తీగ ఏ తీగతో మెలి తిరిగి ఉందో దానికి తెలీదు.

ప్రాణమంతా ఆ మెలిలోనే ఉంది. ఒక జతలో రెండు తీగల మీద సరిసమానంగా, ఎదురెదురుగా సిగ్నల్ పోతుంది. రెండూ మెలి తిరిగి ఉండటంతో పక్క జత నుంచి వచ్చే గోల రెండింటి మీదా ఒకేలా పడుతుంది, అవతల తేడా తీసినప్పుడు ఆ గోల రద్దవుతుంది. 3, 6 పిన్నులు ఒక జత, 4, 5 ఒక జత. పై వరుసలో కొడితే 3లో తెలుపు-గ్రీన్, 6లో బ్లూ పడతాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి మెలి తిరిగినవి కావు. ఇక రద్దయ్యేది ఏముంది? దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటాం. పొడవు తక్కువైతే గిగాబిట్ దాకా ఈడ్చుకొస్తుంది, ఆపైన చేతులెత్తేస్తుంది. జతల మధ్య క్రాస్‌టాక్ (ఒక జత గోల ఇంకో జతలో పడటం) కొలిచే టెస్టర్ అయితే దీన్ని క్షణంలో పట్టేస్తుంది.

3వ వైరుకి ఇప్పుడే తీర్పు చెప్పను. ముందు రెండు చివర్లా ప్యాచ్ కార్డులు (సాకెట్‌కీ పరికరానికీ మధ్య పెట్టే పొట్టి వైర్లు) మార్చి చూడండి, 1వ వైరు బాగుంది కాబట్టి దానివి తెచ్చి పెట్టండి. ఆ తర్వాత రెండు వైపులా ఫేస్ ప్లేట్ విప్పి, జాక్ (ప్లగ్ దూరే సాకెట్) వెనక ఎంత మేర మెలి విప్పేశారో కొలవండి. 13 మిల్లీమీటర్లకు మించకూడదు. నేను 5 సెంటీమీటర్లు విప్పి, తొడుగు ఒలిచి, ఎనిమిది తీగల్నీ దువ్వినట్టు పరిచినవి చూశాను.

ఇంకో పని చేయండి, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. తొడుగు మీద ప్రతి మీటరుకీ ఒక అంకె అచ్చు ఉంటుంది, కొన్నిటి మీద అడుగుల్లో ఉంటుంది. అల్మారా వైపు కనపడే అంకె, గది వైపు కనపడే అంకె రాసుకోండి. రెండింటి తేడాయే గోడలో ఉన్న వైరు పొడవు. ఆరింటికీ రాయండి.

తిన్నగాచెప్తా గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ క్యాట్ 8 డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు 25, 40 గిగాబిట్ల కోసం చేసినది. అది లావు, బిరుసు, షీల్డుని సరిగా ఎర్త్ చేయాలి. ఇంటి కాండ్యూట్ పైపుల్లో మలుపు తిప్పడమే కష్టం. కొత్తది లాగాల్సి వస్తే క్యాట్ 6ఏ దాకా వెళ్తే ఎక్కువ.

ర్యాక్‌యూనిట్:

పంచ్‌డౌన్ గారు వైరు వైపు చెప్పారు, నేను కంప్యూటర్ వైపు చెప్తాను.

ఫైలు కాపీ చేసి వేగం చూడకండి. అందులో డిస్కు వేగం, ఫైల్ షేరింగ్ వేగం అన్నీ కలిసిపోతాయి. రెండు చివర్లా ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రాము పెట్టండి, అది మెమరీలోంచి మెమరీకే పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న గిగాబిట్ లింకు మీద దాదాపు 940 మెగాబిట్లు, 2.5 మీద దాదాపు 2.35 గిగాబిట్లు రావాలి. మిగతాది హెడర్లకి పోతుంది, అది లోపం కాదు. రెండు దిశలూ విడివిడిగా చూడండి. ఒక వైపు బాగుండి ఇంకో వైపు పడిపోవడం చాలాసార్లు చూశాను.

కానీ వేగం కంటే నేను నమ్మేది ఎర్రర్ల లెక్క. ప్రతి ఫ్రేము (ఒకసారి పంపే డేటా ముక్క) చివరా తప్పులు పట్టడానికి నాలుగు బైట్ల సీఆర్‌సీ అంకె ఉంటుంది. అందుకున్నవాడు లెక్క వేసి చూసుకుంటాడు, సరిపోకపోతే ఆ ఫ్రేముని చెప్పాపెట్టకుండా పారేస్తాడు. పోయినదాన్ని టీసీపీ (డేటా చేరేలా చూసుకునే ప్రొటోకాల్) మళ్లీ పంపుతుంది. మీకు పైకి కనపడేది కాస్త నెమ్మదించడం, అంతే. లినక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో నెట్‌వర్క్ కార్డు గణాంకాలు అడిగితే ఈ ఎర్రర్లు వస్తాయి. మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగుల పేజీ ఉండేది) అయితే పోర్టు పేజీలోనే ఉంటాయి. అందుకునే వైపే లెక్క పెరుగుతుంది కాబట్టి రెండు చివర్లా చూడాలి. టెస్టుకి ముందు అంకె రాసుకుని, రాత్రంతా ఐపెర్ఫ్3 నడిపి, పొద్దున చూడండి. పొట్టి వైరు మీద నేను ఒప్పుకునేది సున్నా.

లినక్స్ 5.8 నుంచి ఈథ్‌టూల్‌లోనే కేబుల్ టెస్ట్ కూడా ఉంది, చిప్‌కి ఆ సదుపాయం ఉంటే ఏ జత ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్తుంది. తెగినదాన్నీ, షార్ట్ అయినదాన్నీ బాగా పడుతుంది. నాసిరకం అతుకుని మాత్రం "బాగుంది" అనేసే అవకాశం ఉంది, జాగ్రత్త.

ఒక చిన్న మాట: టెస్టు చేస్తున్నంతసేపూ కార్డులో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ (ట్రాఫిక్ లేనప్పుడు కరెంటు ఆదా చేసే సదుపాయం) ఆపేయండి. కొన్ని 2.5 చిప్‌లలో దాని వల్లే లింకు తెగుతుంది, పాపం వైరు మీద పడుతుంది నింద.

నీలిజత:

నాదొక అనుభవం చెప్పాలి, మీకు పనికొస్తుంది.

మా ఆఫీసులో రెండేళ్ల కిందట సీలింగ్‌లో వైఫై యాక్సెస్ పాయింట్లు పెట్టాం, కరెంటు కూడా నెట్‌వర్క్ వైరులోంచే ఇచ్చాం. వైరు మీద క్యాట్ 6 అని అచ్చు ఉంది, డేటా టెస్టుల్లో బాగానే వచ్చింది. కొన్నాళ్లకి దూరంగా ఉన్న రెండు యాక్సెస్ పాయింట్లు రద్దీ పెరిగినప్పుడల్లా ఆగి మళ్లీ లేవడం మొదలైంది. నెల రోజులు పరికరాలు మార్చాం, సాఫ్ట్‌వేర్ మార్చాం. చివరికి ఒక తీగ కొసని బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల వెండిలా తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి వైరుని కేబులింగ్ ప్రమాణాలేవీ ఒప్పుకోవు, తొడుగు మీద ఏమని అచ్చు వేసినా సరే. దాని రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి దారిలోనే వోల్టేజీ పడిపోతుంది, ఆ పోయిన కరెంటు వైరులోనే వేడిగా మారుతుంది. ఆ వైర్ల కట్టని చేత్తో పట్టుకుని వెచ్చదనం చూసిన రోజు నాకు నిజంగా భయమేసింది.

గీకి చూడటం ఒక పద్ధతి, మల్టీమీటర్ ఇంకా నమ్మకమైనది. రెండు చివర్లా వైరు ఊడదీసేయండి, స్విచ్‌కి తగిలి ఉండగా కొలవద్దు. అవతల చివర ఒక జతలో రెండు తీగల్నీ కలిపి, ఇవతల ఆ జత మధ్య ఓములు కొలవండి. మీటర్ తీగల్ని ఒకదానికొకటి ఆనించినప్పుడు వచ్చే అంకెని తీసేయండి. ప్రమాణం ప్రకారం ఒక్కో తీగకి 100 మీటర్లకి 9.38 ఓములు మించకూడదు. వెళ్లి రావడం కాబట్టి జతకి 18.8. మీ వైరు 15 మీటర్లు అనుకుంటే 2.8 లోపు రావాలి. 4 దాటితే అది రాగి కాదని నా లెక్క. పంచ్‌డౌన్ గారు చెప్పిన మీటరు అంకెలు ఇక్కడ కూడా అక్కరకొస్తాయి, పొడవు తెలియకుండా ఓములకి అర్థం లేదు.

ఎడిటింగ్‌గది:

మూడు రోజులు సాయంత్రాలు దీని మీదే కూర్చున్నాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. దొరికినవి దొరికినట్టు రాస్తున్నాను.

4వ వైరు: ఫేస్ ప్లేట్ విప్పితే ఆరెంజ్, గ్రీన్ జతలు మాత్రమే జాక్‌లో ఉన్నాయి. బ్లూ, బ్రౌన్ జతలు పక్క పెట్టెలోకి పోయి ఫోన్ సాకెట్‌కి తగిలి ఉన్నాయి. అల్మారా వైపు అవే రెండు జతలు టేపు చుట్టి మూలకి తోసేసి ఉన్నాయి. ఆ ఫోన్ లైను ఎవరూ వాడట్లేదు. గది వైపు తొడుగు బాగా పైదాకా ఒలిచేశారు, భయపడ్డాను, మెల్లగా లాగితే పైపులోంచి 12 సెంటీమీటర్లు బయటికి వచ్చింది. చెడిన ముక్క కోసేసి రెండు వైపులా కొత్త జాక్ కొట్టాను. మొదటి జాక్ కుదరలేదు, రెండోది కుదిరింది. ఇప్పుడు 2.5.

6వ వైరు: పంచ్‌డౌన్ గారూ, మీరు రాసిన రంగుల వరుస అక్షరం పొల్లు పోకుండా అదే. రెండు చివర్లా.

మీటరు అంకెలు: 1వ వైరు అల్మారాలో 306, గదిలో 291. అంటే 15 మీటర్లు. 2వది 18, 4వది 17, 5వది 14, 6వది 11. ఇక 3వది: అల్మారాలో 274, పైగదిలో 41. తేడా 233 మీటర్లు. ఇంటి చుట్టూ తిప్పినా అంత వైరు పట్టదు. నాకు అర్థం కాలేదు, మీరే చెప్పాలి. ప్యాచ్ కార్డులు మార్చి చూశాను, తేడా లేదు. రెండు వైపులా జాక్‌ల వెనక మెలి బాగానే ఉంది.

ఐపెర్ఫ్3: 1వ వైరు మీద రాత్రంతా 2.35 గిగాబిట్లు, రెండు దిశలూ, ఎర్రర్లు సున్నా. 2వది కూడా అంతే. 3వ వైరు మీద పైనుంచి కిందికి పరవాలేదు, కింది నుంచి పైకి పది నిమిషాల్లో 4,000 పైచిలుకు సీఆర్‌సీ ఎర్రర్లు. ఎనర్జీ ఎఫిషియెంట్ ఆపినా అంతే.

ఓములు: 1వ వైరు 2.6. 5వ వైరు 14 మీటర్లే, కానీ 4.0 వచ్చింది. గీకి చూశాను. లోపల తెలుపు. దాని మీద కూడా క్యాట్ 5ఇ అని స్పష్టంగా అచ్చు ఉంది.

పంచ్‌డౌన్:

చాలా శ్రద్ధగా చేశారు. నాతో పనిచేసే కుర్రాళ్లకి కూడా ఇలా రాసుకోండిరా అని చెప్తుంటాను.

3వ వైరు తేడా 233 వచ్చిందంటే అది ఒక వైరు కాదు, రెండు. అల్మారా నుంచి బయల్దేరినది ఒక చుట్టలోది, పైగదిలో తేలినది వేరే చుట్టలోది. మధ్యలో ఎక్కడో అతుకు ఉంది. గోడ పగలగొట్టకండి. అతుకు వేసినవాడు చేతులు పెట్టడానికి ఒక పెట్టె వదులుతాడు. మెట్ల మలుపు దగ్గర, పైఅంతస్తు మొదట్లో, ఏమీ లేని ఖాళీ ప్లేట్ ఏదైనా ఉందా? ఆ పెట్టె విప్పే ముందు మెయిన్ ఆపేయండి. కొన్ని ఇళ్లలో కరెంటు వైర్లు కూడా అదే పెట్టెలో ఉంటాయి. అలా ఉంటే మీరు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు వాటిని వేరు చేయించండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

అతుకు దొరికాక, అసలు అతుకే లేకుండా చేయగలిగితే అది మొదటి ఎంపిక. పైపు ఖాళీగా ఉంటే పాత వైరుకే కొత్త వైరు కట్టి లాగేయవచ్చు. లాగడం కుదరకపోతే పంచ్‌డౌన్ చేసే (తీగల్ని బ్లేడుల మధ్యకి నొక్కి బిగించే) జంక్షన్ మాడ్యూల్ దొరుకుతుంది, రెండు వైపుల వైరూ తొడుగు దాకా లోపలికి తెచ్చి, 13 మిల్లీమీటర్ల నియమం అక్కడ కూడా పాటించి కొట్టండి. క్యాట్ 5ఇ మాడ్యూల్ చాలు, క్యాట్ 6 అయితే ఇంకా మంచిది. చేత్తో మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం వద్దు.

6వ దానికి రెండు చివర్లా గ్రీన్, బ్లూ తీగలు రెండూ చోటు మార్చుకుంటే చాలు. తెలుపు-గ్రీన్ తర్వాత బ్లూ, తెలుపు-బ్లూ, ఆ తర్వాత గ్రీన్. అయితే మళ్లీ ప్లగ్ కొట్టకండి. గోడలో వైరు ఒంటి తీగ రాగి, మామూలు ప్లగ్గుల్లో చాలా వాటి పళ్లు పోగుల తీగ కోసం చేసినవి. ఒంటి తీగ మీద అవి సరిగా కూర్చోవు, నెలల తర్వాత వదులవుతాయి. రెండు చివర్లా జాక్ పెట్టి, పొట్టి ప్యాచ్ కార్డుతో కలపండి. జాక్ మీద ఏ, బీ అని రెండు రంగుల వరుసలు ఉంటాయి. ఏదైనా పరవాలేదు, రెండు చివర్లా ఒకటే ఉండాలి. ఇంట్లో మిగతావి బీ అయితే ఇది కూడా బీ.

5వ వైరు 14 మీటర్లే కాబట్టి డేటా పోతోంది. దాని మీద ఏం పెట్టారు?

ఎడిటింగ్‌గది:

5వ వైరు చివర వరండా కెమెరా ఉంది. దానికి కరెంటు కూడా ఆ వైరులోంచే.

మెట్ల మలుపులో తెల్ల ప్లేట్ ఒకటి ఉంది, గోడ రంగే దానికీ వేసేశారు, ఇన్నాళ్లూ నాకు కనపడలేదు. మెయిన్ ఆపి విప్పాను. కరెంటు వైర్లు లేవు, హమ్మయ్య. ఎనిమిది తీగల్నీ ఒక్కోటిగా చేత్తో తిప్పి, ఒక్కోదానికీ టేపు చుట్టి, అన్నిటినీ కలిపి మళ్లీ టేపు చుట్టారు. రెండు వైపులా కలిపి 14 సెంటీమీటర్ల మేర ఎక్కడా మెలి అన్నదే లేదు. రెండు తీగలు నల్లబడి ఉన్నాయి. కొత్త వైరు లాగుదామని చూశాను, పైకి పోయే పైపులో గట్టి మలుపు ఉంది, కదల్లేదు. బలవంతం చేయలేదు. మాడ్యూల్ పెట్టి కొట్టాను.

నిన్న రాత్రి పది నుంచి ఇవాళ పొద్దున ఏడు దాకా ఐపెర్ఫ్3 నడిపాను. 2.35, రెండు దిశలూ. సీఆర్‌సీ రెండు చివర్లా సున్నా. పొద్దున లేవగానే 180 గిగాబైట్ల ప్రాజెక్టు పైకి తెచ్చాను, 11 నిమిషాల 20 సెకన్లు. 6వది కూడా జాక్‌లు పెట్టాక 2.5కి వచ్చింది, దాన్ని ఇవాళ రాత్రికి నడుపుతాను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. కెమెరా వైరుని ఏం చేయను? ఇంకొకటి, కొన్నాళ్లకి 10 గిగాబిట్ కావాలంటే ఈ 3వ వైరు మోస్తుందా?

ర్యాక్‌యూనిట్:

ఇంకొక్క టెస్టు మిగిలింది. ఇప్పటిదాకా ఒక్కో వైరునే నడిపారు. ఆరూ అల్మారాలో ఒకే కట్టగా టేపు చుట్టి ఉంటే, అన్నిటి మీదా ఒకేసారి ట్రాఫిక్ పెట్టి చూడాలి. పక్క వైరులోంచి వచ్చే గోలని కార్డులోని చిప్ రద్దు చేయలేదు, తన సొంత జతల గోల మటుకే దానికి తెలుసు. ల్యాప్‌టాప్‌లు పెట్టి కనీసం మూడు నాలుగు లింకులు కలిపి నడపండి.

పంచ్‌డౌన్:

ర్యాక్‌యూనిట్ గారు చెప్పినది ముఖ్యం. పాత వైర్ల మీద 2.5, 5 నడపడానికి టీఎస్‌బీ-5021 అని మార్గదర్శకాలు ఉన్నాయి, వాటిలో పెద్ద భాగం దీని గురించే. ఎర్రర్లు కనిపిస్తే చేయాల్సింది సులువే: అల్మారాలో మొదటి కొన్ని మీటర్లు కట్టు విప్పి వైర్లని వదులుగా వదిలేయండి, ప్యాచ్ కార్డులు మంచివి పెట్టండి, వేగంగా నడిచే లింకుల్ని పక్కపక్క పోర్టుల్లో కాకుండా ఎడంగా పెట్టండి. మీ పొడవులకి ఇబ్బంది రాదనే నా నమ్మకం. అయినా నడిపి చూడండి.

10 గిగాబిట్ సంగతి: క్యాట్ 5ఇ మీద దానికి ఏ ప్రమాణమూ మాట ఇవ్వదు. 100 మెగాహెర్ట్జ్‌కి పరీక్షించిన వైరుని 400 అడుగుతున్నారు. 15 మీటర్లలో లింకు రావచ్చు, వచ్చిందని చూపించేవాళ్లూ ఉంటారు. మధ్యలో అతుకున్న వైరు మీద మీ రోజువారీ పని పెట్టమని నేను చెప్పలేను. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా, వైర్లు ఒత్తుగా కట్టలు కట్టి ఉన్నచోట 37 దాకా 10 నడుస్తుంది. క్యాట్ 6ఏ అయితే 100 మీటర్లు. ఆ రోజు వస్తే అల్మారా నుంచి మీ గదికి ఒకే ఒక్క క్యాట్ 6ఏ వేరే దారిలో వేసుకోండి, మిగతావి ఇలాగే ఉంటాయి.

ఇప్పుడు మీరు మార్చాల్సిన వైరు ఒక్కటే, 5వది. లింకు 2.5 చూపిస్తున్నా సరే. అల్యూమినియం మెత్తన, జాక్ బ్లేడు పట్టిన చోట గాలి తగిలి పొర కడుతుంది, వంపు తిరిగిన చోట విరుగుతుంది. పైగా మీరు దాంట్లోంచి కరెంటు పంపుతున్నారు, అదీ వరండా వరకు. కెమెరాకి వేరే అడాప్టర్ దొరికితే ఇవాళే దానికి మార్చి, స్విచ్‌లో ఆ పోర్టుకి కరెంటు ఆపేయండి. ఆ తర్వాత నిదానంగా వైరు మార్చండి.

లాగేటప్పుడు: పాత వైరు కొసకి కొత్త వైరుని, దాంతో పాటు ఒక నైలాన్ తాడుని కట్టండి. అల్యూమినియం పుటుక్కున తెగుతుంది, కాబట్టి ఒకరు ఇటు నుంచి నెడుతుంటే ఒకరు అటు నుంచి లాగాలి. కొత్త వైరు మీద 11 కిలోలకి మించి బరువు పడకూడదు, ఒక చేత్తో మామూలుగా లాగే బలం అంతే. మలుపుల్లో వైరు లావుకి నాలుగింతల కంటే బిగువుగా వంచొద్దు. తాడు పైపులోనే వదిలేయండి.

ఎడిటింగ్‌గది:

కెమెరాకి అడాప్టర్ పెట్టేశాను, పోర్టులో కరెంటు ఆపేశాను. ఐదు లింకులు కలిపి రెండు గంటలు నడిపాను, అన్నిటి మీదా 2.3 పైనే. 2వ దాని మీద మూడు ఎర్రర్లు వచ్చాయి. అల్మారాలో కట్టు విప్పి, 2ని, 3ని ఎడం పోర్టుల్లోకి మార్చి మళ్లీ రెండు గంటలు నడిపితే సున్నా.

ఆదివారం 5వ వైరు లాగుతున్నాం, అటు చివర మా తమ్ముడు ఉంటాడు. జాక్‌ల వెనక, అల్మారాలో, మెట్ల మలుపు పెట్టెలో అన్నిచోట్లా వైరు నంబరు, పొడవు, ఓములు రాసిన చీటీలు అంటించాను. 3వ దాని చీటీ మీద అతుకు ఎక్కడుందో కూడా రాశాను.